ఉదయగిరి కథ చెప్పే గోపురం

నెల్లూరు జిల్లా పడమటి భాగంలో ఆత్మకూరు ఉన్నది. ఆ ఊరి మీదుగా పోయే 67వ నంబరు జాతీయ రహదారి వెంట పడమరగా ప్రయాణం చేస్తే బద్వేలు, మైదుకూరు, గుత్తి, బళ్ళారి దాటి హోసపేట చేరతాం. దాని పక్కనే హంపీ. ఆత్మకూరుకు వాయవ్యంగా ఉన్న ఉదయగిరి పిల్లలు హంపీ వెళితే, అక్కడ ఒక గోపురం మీద తమ ఊరి కథే బొమ్మలుగా కనిపిస్తుంది! అదెలా జరిగిందో విందాం.

ఉదయగిరి కొండ ఎత్తు 3,079 అడుగులు. సుమారు 500 ఏళ్ళ క్రితం ఆ కొండ మీది దుర్గం ఒడిశా గజపతుల చేతిలో ఉండేది. విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలు దానిని ముట్టడించాడు. ఏడాదికి పైగా పోరు సాగిన తరవాత 1514లో దుర్గం లొంగిపోయింది. రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తన రాజధానికి తీసుకుపోయి, కొత్తగా గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు.

ఆ గుడి తూర్పు గోపురం అడుగుభాగం రాతిది, పైఅంతస్తులు ఇటుకవి. ఇటుకల మీద సున్నపు గచ్చుతో బొమ్మలు తీర్చారు. డాళ్ళు పట్టిన భటులు, గుర్రపు రౌతులు అందులో ఉన్నారు. అది ఉదయగిరి దండయాత్రే నంటారు చరిత్రకారులు. శాసనం తెలియాలంటే చదువు రావాలి. బొమ్మకు ఆ చిక్కు లేదు. గుడికి వచ్చిన రైతూ, బేరగాడూ, చంటిపిల్లవాడూ తలెత్తి చూస్తే చాలు.

అయితే, పిల్లలూ, ఈ బొమ్మలు గెలిచినవారు చేయించినవి. ఏడాదికి పైగా కోటలో చిక్కుపడ్డవారి అవస్థ వాటిలో లేదు. తమ దేవుడు తరలిపోతుంటే ఉదయగిరివారు ఏమనుకున్నారో అదీ లేదు. అందుకే ఊరూరా బొమ్మలను చూసేటప్పుడు, "దీనిని ఎవరు చేయించారు? ఎవరి మాట ఇందులో లేదు?" అని కూడా అడగాలి.

1565లో తళ్ళికోట యుద్ధం తరవాత హంపీ పాడుపడింది. బాలకృష్ణుడి విగ్రహం ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. హంపీలో ఆయన గర్భగుడి ఖాళీ. గోపురం మీది గచ్చు బొమ్మలు చాలావరకు రాలిపోయినవి.

గోడల మీద బొమ్మలు వేయటం మాత్రం ఆగలేదు. 2016లో హైదరాబాదులోని మక్తా బస్తీలో చిత్రకారులు ఇళ్ళ గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. దారిన పోయేవారంతా వాటిని చూడవచ్చు, టిక్కెట్టు అక్కరలేదు. కాని బయట ఉన్న బొమ్మకు ఎండా వానా శత్రువులు. రంగు వెలిసిపోతుంది, గచ్చు ఊడిపోతుంది.

ఎండావానలను మనం ఆపలేం. మేకుతో గోడ మీద పేర్లు చెక్కే చేతిని మాత్రం ఆపగలం. ఒక్క పేరు చెక్కితే, 500 ఏళ్ళుగా నిలిచిన ఒక భటుడి ముఖం చెరిగిపోతుంది. ఆ ముఖాన్ని మళ్ళీ ఎవరూ తీర్చలేరు.