కొయ్య మొదట్లో నీరు

సీతంపేటలో వాన కొండ దిగి వస్తుంది. ముందు ఎగువ చెట్ల మీద హోరు వినిపిస్తుంది. పెరట్లో ఆరేసిన చింతపండు లోపలికి చేర్చేలోగా రేకుల మీద విరుచుకుపడుతుంది. ఆ హోరులోనూ మా ఇంట్లో మరో చప్పుడు విడిగా వినిపించేది. నడవాలో పెట్టిన సత్తుగిన్నెలో చుక్క పడే చప్పుడు.

ఆ చుక్క రేకుల మధ్య నుంచి పైకి లేచిన ఇనప పైపు వెంట దిగేది. కరెంటు సర్వీసు వైరు కోసం నిలబెట్టిన పైపు అది. ఇల్లు కట్టినప్పుడు దాని చుట్టూ సిమెంటు మెత్తించాం. కొన్నేళ్లు బాగానే ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి మా పైపు గంటల తరబడి ఊగింది. కారడం అప్పుడే మొదలైంది. మేస్త్రీని పిలిచి మళ్లీ సిమెంటు పెట్టించాను. మరుసటి వానకు మళ్లీ కారింది. ఇంకాస్త మందంగా పెట్టించాను. ప్రతిసారీ పైపుకీ సిమెంటుకీ మధ్య వెంట్రుకవాసి పగులు తేలేది. నీటికి ఆ మాత్రం దారి చాలు.

దీనికి మందు చెప్పినవాడు సముద్రం వైపు నుంచి వచ్చాడు. వారపు సంతకు ఎండుచేపలు తెచ్చే ముసలాయన ఒకరోజు వానకు మా నడవాలో ఆగాడు. చిన్నతనంలో తండ్రితో కలిసి కాకినాడ రేవులో తెరచాప పడవల మరమ్మతు చేసినవాడు. గిన్నెను చూశాడు, పైపును చూశాడు.

"ఏటి మేస్టారూ, ఇది కొయ్య మొదట్లో నీరు కదేటి! పడవలకి ఎప్పుడూ ఉండే జబ్బే."

"నాలుగుసార్లు సిమెంటు పెట్టించాను తాతా."

"గాలికి ఊగినదానికి సిమెంటేస్తే ఆగుతాదా? దాన్ని ఊగనివ్వాల. ఊగినా నీరు దిగకుండా పావడా కట్టాల."

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. వారం తరవాత ఆయన చేసి చూపించాక పూర్తిగా అర్థమైంది. ముందు లైన్‌మన్‌ను పిలిచి సరఫరా ఆపించి, వైరు విప్పించాం. ఇనప పైపు, తడి, కరెంటు మూడూ ఒకచోట ఉన్నప్పుడు ఆ జాగ్రత్త లేకుండా ఎవరూ పైకెక్కకూడదు. పాత సిమెంటంతా పెళ్లగించాడు. పైపుకు తగలకుండా, దాని చుట్టూ వేలెడు ఎత్తున ఒక రేకు మెడ నిలబెట్టి, దాని అడుగును ఇంటి రేకుకు తారుతో అతికాడు. మెడకీ పైపుకీ మధ్య రబ్బరు ముక్కలు దిగ్గొట్టాడు. తరవాత మోటారుసైకిలు ట్యూబు ముక్కను పైపుకు తొడిగి, ఒక కొసను గట్టిగా కట్టాడు. అయితే తలకిందులుగా కట్టాడు. ట్యూబంతా పైకి నిలబడి ఉంది. అప్పుడు మేజోడు తిరగేసినట్టు దాన్ని కిందికి తిప్పి, మెడ మీదుగా దించి, రెండో కట్టు వేశాడు. పై కట్టు లోపలికి పోయింది. పైపు మీద జారే నీరు ట్యూబు మీదుగా దొర్లి రేకు మీద పడుతుంది. దూరడానికి సందు దొరకదు.

తెరచాప పడవలో జరిగేదీ ఇదే. పెద్ద పడవల్లో చాలావాటికి తెరచాప కొయ్య పైబల్లను తొలుచుకుని లోపలికి దిగి, పడవ వెన్నుదూలం మీద నిలుస్తుంది. చాప నిండా గాలి పట్టినప్పుడు ఆ బరువంతా కొయ్య మీద పడుతుంది. కొయ్య వంగుతుంది, పడవ ఒళ్లు విరుచుకుంటుంది. అందుకే బల్లలోని రంధ్రాన్ని కొయ్య కంటే పెద్దదిగా ఉంచి, చుట్టూ చీలలు బిగిస్తారు. పూర్వం చెక్క చీలలు, ఇప్పుడు రబ్బరువి. చీలలు కొయ్యను నిలబెడతాయి కానీ నీటిని ఆపలేవు. నీటిని ఆపేది వాటి మీద తొడిగే తొడుగు. పూర్వం కిత్తాను గుడ్డకు రంగు పూసి కట్టేవారు. ఇప్పుడు రబ్బరు తొడిగి, ఉక్కు పట్టీతో బిగిస్తారు. ట్యూబు ముక్కతో పని గడుపుకునే నావికులు ఇప్పటికీ ఉన్నారు.

కదలని సందులకు మందు వేరు. పలకల మధ్య నార కూరి, పైన గుగ్గిలం పట్టించేవారు. గుగ్గిలం సాలవృక్షపు జిగురు. ఆ చెట్లు మన తూర్పు కనుమల్లో పెరిగేవే. సముద్రం మీది పడవకూ కొండ మీది చెట్టుకూ ఇంత దగ్గర చుట్టరికం ఉందని ఆ ముసలాయనతో మాట్లాడేదాకా నాకు తట్టలేదు.

ఆయన చెప్పిన మరో మాట ఇంకా విలువైనది. చుక్క పడిన చోటే నీరు దూరిందనుకోవద్దన్నాడు. పడవ లోపల తడి కనిపిస్తే మొదట నాలుకకు తగిలించి చూడాలట. ఉప్పగా ఉంటే సముద్రం, చప్పగా ఉంటే వాన. తరవాత అంతా ఆరనిచ్చి, కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి నీళ్లు పోస్తూ రావాలి. ముందు బల్ల అతుకులు, తరవాత తొడుగు, ఆ తరవాత కొయ్య. మొదటే పైనుంచి గుమ్మరిస్తే అన్నీ ఒకేసారి తడిసి దోషి దొరకడు. ఇప్పటి పడవలకు అల్యూమినియం కొయ్యలు వచ్చాయి. అవి లోపల బోలు. తాళ్లు దూరే రంధ్రాల గుండా వాన కొయ్య లోపలికే దిగుతుంది. ఎంత మంచి తొడుగైనా ఆ నీటిని ఆపలేదు. దానికి కొయ్య అడుగున చిన్న రంధ్రం ఉంచి దారి ఇవ్వాలి. ఆ రంధ్రం పూడితే నీరు అక్కడే నిలిచి చెక్క కుళ్లుతుంది, లోహం తినుకుపోతుంది.

ఇలాంటి చిన్న పనుల మీదే పెద్ద ప్రయాణాలు నిలుస్తాయి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే 17 మీటర్ల తెరచాప పడవలో బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చారు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి.ఐశ్వర్య ఉన్నారు. దారిలో చుక్కాని తిప్పే సాధనం దెబ్బతింటే మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగి బాగుచేసుకున్నారు. నడిసముద్రంలో మేస్త్రీ ఉండడు. తెరచాప ఎత్తే చేయే పానా పట్టాలి. తెలుగు ఆడపిల్లలు సాగరం చుట్టి వచ్చారని తలుచుకున్నప్పుడల్లా, ఆ చేతులకు తెలిసిన మరమ్మతు పనికి కూడా నేను నమస్కరిస్తాను.

కదిలేదాన్ని కదలనివ్వక బిగిస్తే పగులుతుంది. కదలనిస్తూనే కాపాడడం పనితనం. సిమెంటు మీద సిమెంటు పూయించిన నాకు ఈ సంగతి ఒక ట్యూబు ముక్క నేర్పింది. రబ్బరు ఎండకు పెళుసెక్కుతుందని, మూడేళ్లకోసారి మార్చమని ఆయన చెప్పి వెళ్లాడు. అలాగే మార్చాను. ఆ పైపు వెంట మళ్లీ చుక్క దిగలేదు. మీ ఇంటి కప్పులోంచి కూడా ఏ పైపో, ఏ స్తంభమో పైకి లేచి ఉంటే, మృగశిర కార్తె రాకముందే దాని మొదలు చూసుకోండి. సిమెంటు కలిపేముందు ఒక్కసారి పైపును చేత్తో ఊపి చూడండి.