రెండు వైర్లు

హైదరాబాద్ రాకముందు మేం అమెరికాలోని మిన్నెసోటాలో ఉండేవాళ్ళం. అక్కడ చలికాలంలో ఇంటి ముందు మంచు తీయకపోతే కారు బయటికి రాదు. మంచును లాగి పక్కకు విసిరే పాత పెట్రోల్ మెషీన్ ఒకటి మా దగ్గర ఉండేది. ఒక ఏడాది, వేసవంతా నిల్వ ఉన్న పెట్రోలు జిగురులా మారి కార్బురేటర్ మూసుకుపోయింది. ఇంజిన్ తీసేసి 48 వోల్టుల మోటారు, లిథియం బ్యాటరీ పెట్టాలనుకున్నాను.

ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి సాయం చేస్తానంటే, "వెళ్ళి చదువుకో" అని కసిరాను.

అంతా బిగించి స్విచ్ వేశాను. మెషీన్ మంచును విసరలేదు, ముందుకు నెట్టింది. తలుపు దగ్గరే నిలబడ్డ తను, "నాన్నా, మోటారు రివర్స్‌లో తిరుగుతోందేమో?" అంది. బ్యాటరీ తీసేసి, మోటారు వైర్లు రెండూ అటూ ఇటూ మార్చాను. ఈసారి మంచు ఎగిరి పక్కన పడింది. కసిరినందుకు సిగ్గేసింది.

గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లిథియం బ్యాటరీ పాడవుతుంది. దాన్ని ఇంట్లోకి తెచ్చాకే ఛార్జింగ్ పెట్టాలని రోజూ నాకు గుర్తుచేసే బాధ్యత ఆ సాయంత్రం నుంచి తనదే.

ఇంట్లో ఏదైనా బాగుచేస్తున్నప్పుడు మీ పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. కరెంటు పని మీరే చేయండి. ఆలోచించే పని మాత్రం వాళ్ళకీ కొంచెం వదలండి.