తాడు మీద దిగొచ్చే క్రిస్మస్

ఏమండోయ్, నక్షత్రం కట్టారా లేదా? ఇంకా అటక మీదే ఉందా? ఎంత పని చేశారండీ! 2020 డిసెంబర్ మూడో వారం కూడా వచ్చేసింది. ఇక్కడ యాంగాన్‌లో మాకు ఒకటో తారీఖునే పండగ మొదలైపోయింది. నవంబర్ 30 అర్ధరాత్రి దాటిందో లేదో, ఈ మయన్మార్ దేశపు క్రైస్తవులు "స్వీట్ డిసెంబర్" అంటూ ఒకరినొకరు పలకరించుకుంటారు. ఇరవై అయిదో తారీఖు దాకా ఆగరు, నెలంతా పండగే. నాకీ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను. ఒక్క రోజు పండగ ఏ మూలకొస్తుంది చెప్పండి?

సరే, ఈ 2020 సంగతి మీకు చెప్పక్కర్లేదు. మయన్మార్‌లో మొదటి కరోనా కేసులు మార్చి 23న బయటపడ్డాయి. ఆగస్టులో ఇక్కడి సిత్వే ఊళ్ళో రేగిన రెండో విడత యాంగాన్‌ని చుట్టేసింది. సెప్టెంబర్ 21 నుంచి ఊరు ఊరంతా ఇంటిపట్టునే. కేసులు లక్ష దాటాయి. విదేశీ విమానాలు మార్చి చివర్లో ఆగినవి ఆగినట్టే ఉన్నాయి. కాబట్టి కాకినాడ నుంచి పిన్నీ రాదు, పిన్ని చేతి జంతికలూ రావు. ఇది మాత్రం కాస్త బాధగానే ఉందండీ. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా కర్ఫ్యూ. అర్ధరాత్రి ఆరాధన లేదు. గిటార్లేసుకుని తెల్లవార్లూ ఇంటింటికీ తిరిగి పాడే కుర్రాళ్ళూ లేరు.

మరి పండగేముంది అంటారా? ఉందండీ బాబూ, బోలెడుంది! ముందు మా తాడు సంగతి వినండి.

యాంగాన్ నడిబొడ్డున పాత మేడలన్నీ అయిదేసి, ఆరేసి అంతస్తులు. లిఫ్టు ఉండదు. మెట్లేమో నిటారుగా, ఇరుగ్గా. ఎవరెక్కుతారు? అందుకని ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంటుంది. కింది కొసకి ఓ క్లిప్పు, పైన ఓ చిన్న గంట. పేపరబ్బాయి వచ్చి పేపర్ క్లిప్పుకి తగిలించి తాడు లాగుతాడు. పైన గణగణమంటుంది. ఇంటావిడ వచ్చి తాపీగా తాడు చేదుకుంటుంది. కూరగాయలైనా అంతే, పొద్దుటి టిఫిన్ అయినా అంతే. లోకమంతా ఇప్పుడు ఆరడుగుల దూరం అని కొలతలు పెట్టుకుంటోంది. ఇక్కడి తాళ్ళు మాత్రం ఎప్పట్నుంచో నాలుగు అంతస్తుల దూరంలో పని నడిపిస్తున్నాయి!

అందుకే ఈ ఏడాది మా క్రిస్మస్ పంపకాలన్నీ తాడు మీదే. గడప తొక్కక్కర్లేదు. స్టీలు క్యారేజీలో పిండివంటలు సర్దడం, కొక్కేనికి తగిలించడం, మెల్లగా వదలడం. గంట మోగిస్తే కింది అంతస్తు బర్మా మామ్మగారు చెయ్యి చాపి అందుకుంటారు. ఆవిడ బౌద్ధురాలు. అయితేనేం, మన అరిసెలంటే ప్రాణం. క్యారేజీ ఖాళీగా తిరిగొస్తుందనుకున్నారా? అబ్బే! అడుగు గిన్నెలో ఊరేసిన తేయాకు లపెట్, మీద గిన్నెలో వేయించిన వెల్లుల్లి, వేరుశనగపప్పు, నువ్వులు. కలుపుకుని తింటే ఉంటుందీ... కాస్త పులుపు, కాస్త వగరు, పంటి కింద కరకర. ఒక్కసారి తిని చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

అన్నట్టు, చెన్నై బర్మా బజార్‌లో అత్తో తిన్నారా? ఆ నూడుల్స్‌కి పుట్టిల్లు ఈ దేశమే. ఇక్కణ్ణుంచి తిరిగొచ్చినవాళ్ళే ఆ రుచిని అక్కడికి మోసుకెళ్ళారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉంది చూశారూ, అదీ అలా తిరిగొచ్చిన మనవాళ్ళ చోటే. ఇక కొబ్బరిపాలల్లో కోడిమాంసం ఉడికించి నూడుల్స్ మీద పోసే ఓనో ఖౌస్వే అని ఒకటుంది. పండగ పొద్దున్న మా ఇంట్లో అదే. ఇడ్లీకి ఆ రోజు సెలవు.

అరిసెల మాట ఎత్తి పాకం సంగతి చెప్పకపోతే ఎలా? ఇక్కడ తాటిబెల్లం దండిగా దొరుకుతుంది. పగాన్ వైపు మెట్ట నేలల్లో తాటిచెట్లే తాటిచెట్లు. బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని వేడి వేడి టీ తాగడం ఇక్కడి అలవాటు. ఆ బెల్లంతో అరిసె చేస్తే నల్లగా నిగనిగలాడుతూ వస్తుంది. పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. అంతే, వెంటనే దించి తడిపిండి కలిపేయాలి. ముదిరిందా, అరిసె రాయే!

గులాబి పువ్వులైతే పిల్లల చేత చేయించండి. బియ్యప్పిండి, మైదా, పంచదార, గుడ్డు, కొబ్బరిపాలు కలిపి పలచగా జారుడుగా పిండి చేసుకోవాలి. ఇనప గుత్తిని నూనెలో బాగా కాగనిచ్చి, పిండిలో ముప్పాతిక దాకానే ముంచాలి. నిండా ముంచారో, పిండి పైకెక్కి కరుచుకుంటుంది. ఇక పువ్వు ఊడి రమ్మన్నా రాదు. సరిగ్గా ముంచి నూనెలో పెట్టి ఓ క్షణం ఆగి చిన్నగా తట్టండి. పువ్వు జారి తేలుతుంది. ఆ తేలే క్షణం కోసం పిల్లలు స్టవ్ దగ్గర్నుంచి కదలరు. జాగ్రత్త, నూనె దగ్గర మీరే నిలబడండి.

పాటల్లేని క్రిస్మసేమిటని దెప్పకండి. పాటలున్నాయి. గుంపులే లేవు. ఎందుకో తెలుసా? అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం స్కాజిట్ లోయలో మార్చి 10న ఒక గాయక బృందం రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చినవాళ్ళు 61 మంది. అందులో 53 మందికి జబ్బు చేసింది. ఇద్దరు పోయారు. గొంతెత్తి పాడితే నోటి తుంపర్లు ఎక్కువగా గాల్లోకి వస్తాయి. తలుపులు మూసిన గదిలో ఆ గాలి అక్కడక్కడే తిరుగుతుంది. అదీ సంగతి. అందుకని మేం బాల్కనీలో నిలబడి, ఎవరింటివాళ్ళం వాళ్ళింట్లోంచే పాడుతున్నాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉండనే ఉంది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి ఎత్తుకుంటే ఎదుటి మేడలో కరెన్ జాతి పిల్ల గిటార్ మీద శ్రుతి వెతుకుతుంది. భాష రాకపోతేనేం, తాళం కలిసిందిగా!

మనవాళ్ళ గొంతు ఈ ఊరికి కొత్తా ఏమన్నానా? కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి, రంగం (ఈ ఊరికి అప్పటి మన పిలుపు) వెళ్తున్నామని చెప్పి వచ్చిన ముత్తాతలు ఇక్కడి రేవులో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో చెమటోడ్చారు. వాళ్ళకంటే ముందే, 1813లో, అమెరికా బాప్టిస్టు మిషనరీ జడ్సన్ దొర ఈ ఊరికొచ్చాడు. తర్వాత నెల్లూరులో, ఒంగోలులో చర్చిలు కట్టింది కూడా ఆ అమెరికా బాప్టిస్టులే. సూలే పగోడా పక్కన వాళ్ళ ఇమ్మానుయేల్ చర్చి ఉంది. అక్కడే మసీదూ ఉంది. పక్కపక్కనే మూడూ! మామూలు రోజుల్లో అయితే అటు తీసుకెళ్ళి చూపించేదాన్ని. ఈసారికి ఫోన్లో ఆరాధన చూద్దాం. పెద్ద తెరకి తగిలించండి, మంచి బట్టలు కట్టుకోండి. ఫోన్లోనే కదా అని నైటీల్లో కూర్చోవడం నేనొప్పుకోను. రోములో కర్ఫ్యూ ఉందని పోప్‌గారే ఈ ఏడాది క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధనని ఏడున్నరకి జరుపుతున్నారట. ఆయనే సర్దుకుంటే మనకేం?

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు కురిపించాయి. క్రిస్మస్ నాడు మళ్ళీ వచ్చాయి. రేవులో మన కూలీలు ఎంతమందో పోయారు. మిగిలినవాళ్ళు లక్షల మందితో కలిసి అడవులూ కొండలూ పట్టుకుని ఇండియాకి నడిచారు. దారిలో ఎందరు రాలిపోయారో లెక్కే లేదు. వాళ్ళకి ఇంట్లో కూర్చునే భాగ్యం లేకపోయింది. మనకుంది. ఇంట్లో ఉండడమే కాపాడుతుందని మనకి తెలుసు కూడా. ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి నా మాట వినండి. పండగ నాడు కిటికీలు బార్లా తెరవండి. పక్కింటివాళ్ళతో గోడ మీంచే మాట్లాడండి, మాస్కు మాత్రం తియ్యకండి. కేకు మనిషికో ముక్క ముందే కోసి పెట్టండి. ఒకే పళ్ళెం మీద అందరూ వాలొద్దు. ఇంట్లో ఎవరికైనా జలుబో జ్వరమో ఉంటే పిండివంటలు పంచడం కూడా ఆపెయ్యండి, తర్వాత చేసుకోవచ్చు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మ దగ్గరికి పరుగెత్తకండి. ఫోన్ చేసి, ఆవిడ చెప్పే అరిసెల కొలతలు మళ్ళీ ఒకసారి పూర్తిగా వినండి. వచ్చే క్రిస్మస్‌కి ఆవిడ పక్కన కూర్చుని తినాలంటే, ఈ క్రిస్మస్‌కి ఎవరింట్లో వాళ్ళు ఉండాలి.