తీరం దాటాకే మన వంతు

సముద్రం ఎక్కడో, మనం ఎక్కడో, మనకెందుకంటారా? నిన్న టీవీలో ఆ గుండ్రాలు తిప్పి తిప్పి చూపిస్తంటే మీరు నవ్వారు చూడండి, అప్పుడే చెబుదామనుకున్నా వదినా. పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయా. మీది నిజామాబాదు, తుపాను అంటే మీకు పేపర్లో బొమ్మ. మాకూ సముద్రం లేదు, నిజమే. కోటప్పకొండ ఎక్కి చూసినా కనపడదు. బాపట్ల ఇక్కడికి అరవై డెబ్బై కిలోమీటర్లుంటది. కానీ టీవీ వాళ్ళు "తీరం దాటింది, గండం గడిచింది" అని మైకులు సర్దుకుంటారే, మన నరసరావుపేటకి సరిగ్గా అప్పుడు మొదలయ్యిద్ది.

2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చింది గుర్తుందా? ఎందుకుంటది, 3వ తారీకు ఆదివారం మీకు ఓట్ల లెక్కింపు. మా ఇంట్లోనూ అదే గోల. మా ఆయనకి మీ తెలంగాణాలో ఓటు లేదు గానీ, పొద్దున కూచున్న మనిషి మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలా. కంచం అక్కడికే. ఎవరికెన్ని సీట్లన్న అంకెల కింద, చిన్నక్షరాల్లో, బంగాళాఖాతంలో వాయుగుండం తుపానుగా మారిందని పోతానే ఉంది. చదివినవాడు లేడు.

ఇంకో విడ్డూరం చెప్తా, మీరేమీ అనుకోకండి. దానికి మూడు రోజుల ముందే, నవంబరు 30న, నీళ్ళ కోసం మీ వాళ్ళూ మా వాళ్ళూ సాగర్ డ్యాం మీద కొట్టుకున్నంత పని చేశారు. 26 గేట్లలో 13 మావంటూ మా పోలీసులు కంచె వేసి కూచున్నారు, కుడికాలవకి నీళ్ళొదిలారు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, ఆగస్టంతా ఎండే. తాగను నీళ్ళు లేవని తగాదా. అది తేలకముందే ఎవరూ అడగని నీళ్ళు ఇటువైపు నుంచి వచ్చిపడ్డాయి. పల్నాడోడి బతుకు అంతే వదినా, కాలవ రాదు, వస్తే తుపాను వస్తది.

మర్నాడు సోమవారం. చెన్నైలో కార్లు వరదలో కొట్టుకుపోతన్న వీడియోలు అప్పటికే అందరి ఫోన్లలోకీ వచ్చాయి. ఆ తుపాను తిన్నగా వచ్చి కొట్టే రకం కాదు. చెన్నై ఎదురుగా తిష్ఠ వేసి, అక్కణ్ణుంచి తీరాన్ని ఒరుసుకుంటా నెల్లూరు మీదుగా పైకి జరుగుతా వచ్చింది. మనకి పొద్దుణ్ణించే ముసురు పట్టింది. బడులకి సెలవు, రైళ్ళు రద్దు. పల్నాడు రోడ్డులో పట్టలమ్మే కొట్టు ముందు రైతులు బారులు తీరారు. పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు, బ్రెడ్డు మధ్యాహ్నానికే అయిపోయాయి. బ్రెడ్డు ఎవరు తింటారో నాకెప్పటికీ అర్థం కాదు. మామూలప్పుడు జొరమొస్తే గానీ ముట్టుకోని జనం, తుపాను అనంగానే రెండేసి పట్టుకుపోతారు.

మూడో కార్తీక సోమవారం కూడా అదే రోజు పడింది. మా అత్తయ్యకి ఉపవాసం. చుక్కని చూస్తే గానీ ముద్ద ముట్టదు. సాయంత్రం ఆరింటికల్లా డాబా మెట్ల మీద గొడుగేసుకుని కూచుంది. పైన చూస్తే మబ్బు తప్ప ఏమీ లేదు. ఏడైంది, ఏడున్నరైంది. డెబ్బై దాటిన మనిషి, షుగరు మాత్రలు వేసుకోవాలి. నేను బతిమాలా, మా ఆయన కసిరాడు, కదిలితే ఒట్టు. చివరికి మా పెద్దోడు పోయి పక్కన కూచుని ఫోన్లో ఏదో తీశాడు. అది ఆకాశం వైపు పెడితే మబ్బున్నా, పైన ఏ చుక్క ఎక్కడుందో బొమ్మేసి చూపిస్తదంట. "నానమ్మా, ఇదుగో, నీ నెత్తి మీద ఆ మబ్బు వెనకాల ఇదుంది" అన్నాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "శివుడు ఒప్పుకుంటాడంటావా?" అంది. "చుక్కైతే ఉంది గదా నానమ్మా" అన్నాడు. ఉండటమే గదా కావాల్సింది అనుకుంటా లేచొచ్చి తిన్నది. లేకపోతే ఆ రాత్రికి తుపాను కంటే ముందు ఈవిణ్ణే ఆసుపత్రికి మోసేవాళ్ళం.

ఆవిడ పట్టుదలకి కారణముంది లెండి. అత్తయ్య పుట్టిల్లు రేపల్లె దగ్గర పల్లెటూరు. 1977 నవంబరు 19, అదీ కార్తీకమే, శనివారం. దివిసీమ ఉప్పెన. అప్పటికి ఈవిడ ఇక్కడ కొత్తకోడలు. ఇక్కడా గాలికి తాటాకిళ్ళు లేచిపోయాయంట గానీ, ఈవిడ ప్రాణమంతా అటే. టీవీయా, ఫోనా? రేడియో ఒకటి. దాన్లో చెప్పింది విన్నకొద్దీ కాళ్ళాడలేదంట. పుట్టింటి వాళ్ళు బతికే ఉన్నారన్న కబురు ఉత్తరం మీద రాలేదు, వాళ్ళ చిన్నాన్న మోకాలి దాకా ఎండిన బురదతో స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడంట. అది చెప్పేటప్పుడు ఆవిడ ఏడవదు, ఆ బురద రంగు చెప్పిద్ది.

అయితే ఆవిడకి అన్నేళ్ళుగా ఒక అనుమానం. తుపానేమో చీరాల వైపు దాటిందన్నారు, దివిలో అంతమంది ఎందుకు పోయారు అని. 10 వేల మంది దాకా అని సర్కారు లెక్క, అంతకి చాలా ఎక్కువన్నది అక్కడి వాళ్ళ మాట. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. మా పెద్దోడు ఆ సోమవారం రాత్రి చెప్పాడు. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరిగిద్దంట. తుపాను నేల మీదకి వస్తంటే దాని కుడిచేతి వైపున్న గాలి సముద్రాన్ని ఊళ్ళ మీదికి నెట్టిద్ది. ఎడంచేతి వైపు గాలి నేల మీంచి సముద్రంలోకి పోయిద్ది. చీరాల్లో దాటితే దివిసీమ కుడిచేతి కిందకి వచ్చింది. సముద్రం ఇరవై అడుగుల దాకా లేచింది. అత్తయ్య ఊఁ అని విని, "ఆ ముక్క అప్పుడే చెప్పుంటే లంకలోళ్ళు కృష్ణ దాటి వచ్చుండేవాళ్ళు గదరా" అంది. ఏం చెప్తాం? ఇప్పుడు మచిలీపట్నంలో రాడార్ పెట్టారు, ఒడ్డు పొడుగునా తుపాను రక్షణ కేంద్రాలు కట్టారు, ముందే జనాన్ని లేపి తీసుకుపోతన్నారు. ఇయ్యన్నీ ఆ శనివారం తర్వాతే.

సరే, మన కతలోకి వద్దాం. సోమవారం చీకటి పడకముందే మాకు కౌలుకు చేసే అబ్బాయి ఆటోలో పత్తి వేసుకుని వచ్చాడు. వాళ్ళది రేకుల ఇల్లు, లేచిపోయిద్దని భయం. "అక్కా, మీ ముందు గదిలో పోసుకుంటా" అన్నాడు. సోఫాలు గోడకి నిలబెట్టి, కిటికీ ఎత్తున పోశాం. పిల్లలకి పండగ, ఎగిరి దూకటమే. ఆ పత్తి అప్పటికే కాస్త చెమ్మగా ఉంది. చెమ్మ పత్తిని కుప్ప పోస్తే ఏమయ్యిద్దో మీకు తెలీదు గదా. రెండో రోజు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలింది, జొరమొచ్చిన పిల్లాడి పొట్ట మీద చెయ్యేసినట్టు. ఇక అంతే, ఇంటిల్లిపాదీ కూచుని విడదీసి తిరగేస్తా ఉన్నాం. ఫ్యాను వేద్దామంటే కరెంటు లేదు. అట్టా తిరగెయ్యకపోతే పచ్చబడి కంపు కొడతది. ఆ ఏడు పొడుగు పింజకి మద్దతు ధర క్వింటాకి 7,020. అది పేరుకే. తేమ 12 శాతం దాటితే సర్కారు తరఫున కొనే సీసీఐ వాళ్ళు ముట్టుకోరు. ఇక బయట కొనేవాడు ఎంతంటే అంత.

మంగళవారం, 5వ తారీకు, మధ్యాహ్నం బాపట్ల దగ్గర దాటింది. అక్కడ గంటకి 90, 100 కిలోమీటర్ల గాలి. టీవీలో వాళ్ళు గొడుగులు తిరగబడతా చెప్తన్నారు. మాకు ఇన్వర్టరు ఉంది కాబట్టి చూడగలిగాం. దాటిందన్నారు. మా ఆయన "హమ్మయ్య" అని ఫోను చార్జింగు పెట్టుకున్నాడో లేదో, పెరట్లో ఫెళ్ళుమంది. మునగచెట్టు. ఇదుగో, ఈ గోడ మీదే పడింది, ఇక్కడ కొత్త ఇటుకలు కనపడతన్నాయి చూడండి. మునగ కొయ్యకి సత్తువ ఉండదు, గాలొస్తే ముందు పోయేది అదే.

దాటాకే మన వంతు ఎందుకంటే వదినా, నేల మీదకొచ్చాక తుపానుకి సముద్రపు వేడి అందదు. మేత లేక గాలి చచ్చుబడతది. కానీ మోసుకొచ్చిన నీళ్ళు ఎక్కడో చోట దించాలి గదా. మన మీద దించింది. మనది నల్లరేగడి, తాగిన నీళ్ళు వదలదు. బయట వీధంతా చెరువు, ఇంట్లో కుళాయి తిప్పితే చుక్క లేదు. కరెంటు లేక మోటరు ఆడదు, ట్యాంకు ఖాళీ. అత్తయ్యే నయం, ముందు రోజే గాబు నిండా పట్టించింది. మిగతా వాళ్ళు చూరు కింద బకెట్లు పెట్టుకున్నారు. ఇన్వర్టరు కూడా చేతులెత్తేశాక ఫోన్లకి కారే దిక్కు. వీధిలో ఒక్క కారు, ఆ కారు చుట్టూ పదిళ్ళ చార్జర్లు. వంట మాత్రం సులువు. కందిపొడి, నెయ్యి, వేడన్నం. ఎవరూ వంక పెట్టలా.

తర్వాత పొలం పోయి చూస్తే మిరప చేలో మడవల్లో నీళ్ళు. మిరప మొక్క పాదులో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిద్ది, నిలువునా వడలిపోయిద్ది. 2021లో నల్లతామర పురుగు పూత మొత్తం నాకేసింది, ఆ అప్పు ఇంకా తీరలా, మళ్ళీ ఇది. నష్టం రాసుకోను వచ్చారు. రాసుకునేది ఎవరి పేరు? కౌలు కార్డు ఉంటే కౌలుదారు పేరు, లేకపోతే పాసుపుస్తకం ఉన్నోడి పేరు. కార్డు రావాలంటే భూమిగలోడు సంతకం పెట్టాలి. పెడితే పొలం పోయిద్దేమోనని మా బావగారికి భయం, మా ఆయన పెట్టాడు. ఒకే గట్టుకి అటూ ఇటూ, ఒకే వాన. ఇటు చేను వాడికి కాస్తో కూస్తో వచ్చింది, అటు వాడు వట్టి చేతులతో మిగిలాడు. తుపాను తప్పంటారా ఇది?

తుపానొస్తే అమెరికాలో కూడా ఇంతే తెలుసా? మా మరిది హ్యూస్టన్‌లో ఉంటాడు. 2024 జులై 8న బెరిల్ అని వచ్చింది. వాళ్ళు హరికేన్ అంటారు, మనిషి మారలా పేరు మారింది. ఇరవై లక్షల పైచిలుకు కనెక్షన్లకి కరెంటు పోయింది, అదీ నడి ఎండాకాలంలో. ఏసీ లేకుండా ఉండలేని ఇళ్ళు. వాళ్ళకీ ముందే స్నానాల తొట్టిలో నీళ్ళు పట్టుకోమని చెబుతారంట. అది విని మా అత్తయ్య ఎంత మురిసిపోయిందో, "గాబే గదా!" అని. ఆ మరిదే 2025లో మొంథా వచ్చినప్పుడు, అక్టోబరు 28 అర్ధరాత్రి, కంగారుగా ఫోను చేశాడు. నరసాపురం దగ్గర దాటిందని వార్త చూసి నరసరావుపేట అనుకున్నాడంట. పుట్టిపెరిగిన ఊరు! "ఒరేయ్, అది గోదారి జిల్లా" అని మా ఆయన తిట్టి పెట్టేశాడు. తిట్టేటప్పుడు కూడా ఇక్కడ వాన కుండపోతగానే ఉంది లెండి.

అందుకని చెప్తన్నా. నిన్న టీవీలో చూపించిన ఆ అల్పపీడనం ఎటు పోయిద్దో రేపటికి తెలుస్తది. మీ డాబా మీద బాత్రూము పైన ఆ రేకుంది చూశారా, దానికి ఇటు వైపు మేకులు ఊడిపోయాయి. లేచిందా, వచ్చి పడేది మా వంటింటి కిటికీ మీదే. మీ ఓనరుకి చెబితే సంక్రాంతికి వస్తాడు. మా ఇంట్లో నైలాను తాడుంది, మావాణ్ణి పైకి పంపిస్తా. మీరు నిచ్చెన పట్టుకోండి చాలు.