ఆఖరున మిగిలినవాడు

చిట్టమూరులో సాయంత్రాలు కుర్రాళ్లు క్రికెట్‌కు జట్లు పంచుకుంటుంటే, ఆఖరున మిగిలే బక్కపిల్లాడి మీదే నా కన్ను. అమెరికా మంచు హాకీలోనూ ఇదే తంతు. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఏరుకుంటాయి. డెట్రాయిట్ జట్టు 1998లో 171వ పేరుగా పావెల్ దత్సుక్‌ను, మరుసటేడు 210వ పేరుగా హెన్రిక్ జెట్టర్‌బర్గ్‌ను తీసుకుంది. అప్పటికి తొలి రౌండు ఎప్పుడో ముగిసింది! దత్సుక్‌ను పసిగట్టిన ఆ జట్టు స్కౌట్ హకాన్ అండర్సన్ అసలు రష్యా వెళ్లింది వేరొకణ్ణి చూడ్డానికట. 2008లో ఆ ఆటగాళ్లిద్దరూ ఆ లీగు విజేతలకిచ్చే స్టాన్లీ కప్పు ఎత్తారు.

మన మైదాన హాకీలోనూ అలా ఎవరి కళ్లూ పడని పల్లె నుంచి వచ్చిన రజని ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎనుములవారిపల్లె పిల్ల, గోల్‌కీపర్. 2022 కామన్వెల్త్ కాంస్యం గెలిచిన జట్టు మనిషి.

సెలెక్టర్లయ్యా, ఒక సాయంత్రం ఇటూ రండి. ముందు ఆ ఆఖరివాడి ఆట చూడండి.