పండగ మూడు రోజులు – డబ్బా ముప్పై రోజులు

పండగలొస్తున్నాయంటే ఇల్లాలికి ఎంత హడావిడో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇల్లు దులుపుకోవాలి, పిల్లల బట్టలు చూసుకోవాలి, పిండివంటలకి సరుకులు తెచ్చుకోవాలి. వీటికి తోడు ఈమధ్య మనలో చాలామందికి ఇంకో బెంగ కూడా పట్టుకుంది. పొద్దున్నే లేచి నడిచి, రాత్రిళ్లు అన్నం తగ్గించి, ఎలాగో రెండు మూడు కిలోలు తగ్గుతామా, అంతలో సంక్రాంతి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. అరిసెలు వద్దనుకుందామంటే మనసొప్పదు. తింటే ఇన్నాళ్లు పడ్డ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుందేమోనని భయం. పోయిన సంక్రాంతికి మా ఇంట్లో ఈ రెండిటికీ మధ్య ఒక దారి దొరికింది. మీకూ పనికొస్తుందేమోనని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. అంతకు ముందు దసరాకి చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 వరకూ ఉంటే షుగరు ఇంకా ఇంట్లోకి రాలేదు గానీ వాకిట్లో ఉన్నట్టు. 6.5కి చేరితే వచ్చినట్టే లెక్క. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 68 కిలోలు. నడుము కొలిస్తే 36 అంగుళాలు. మన దేశపు ఆడవాళ్లకి నడుము కొలత 80 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకుండా ఉంటే మంచిదట.

డాక్టరుగారు భయపెట్టలేదు. ఇలా అంచున ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పారు. దాని ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో నూటికి ఏడు వంతులు తగ్గాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని లక్ష్యం పెట్టుకున్నవాళ్లకి షుగరు రావడం 58 శాతం తగ్గిందట. నా బరువులో ఏడు వంతులంటే ఐదు కిలోలకి కాస్త తక్కువ. "ఉగాదికల్లా ఐదు కిలోలు తగ్గండి చాలు" అన్నారు.

ఐదు కిలోలే కదా అనిపిస్తుంది. కానీ దసరాకీ ఉగాదికీ మధ్య ఏమేమున్నాయో లెక్కపెట్టుకోండి. దీపావళి, కార్తీకమాసం, సంక్రాంతి, మధ్యలో రెండు పెళ్లిళ్లు!

ఇంట్లో రెండు రకాల సలహాలు వచ్చాయి. "అమ్మా, నువ్వు ఈ ఏడాది స్వీట్లు ముట్టుకోకు, అసలు చెయ్యొద్దు" అంది మా అమ్మాయి. "ఏడాదికోసారి వచ్చే పండగ, ఒక్క అరిసెకి ఏమవుతుందే అమ్మాయ్!" అన్నారు మా అత్తగారు. ఇద్దరిదీ ప్రేమే. కానీ అరిసెల వాసన లేని ఇంట్లో సంక్రాంతి ఊహించుకోలేను. అలాగని నా రిపోర్టుని బీరువాలో పెట్టి మరిచిపోనూ లేను. ఎందుకంటే మా అమ్మని చూశాను.

అమ్మకి యాభై ఏళ్లకే షుగరు వచ్చింది. మందులు వేసుకునేది గానీ, వంటింట్లో తనకంటూ ఒక పళ్లెం పెట్టుకుని కూర్చున్న రోజు నాకు గుర్తులేదు. అందరూ తిన్నాక మిగిలినవి, విరిగినవి, అడుగంటినవి నిలబడే నోట్లో వేసుకునేది. పోయే ముందు మూడేళ్లూ చూపు సరిగ్గా ఆనేది కాదు. జంతికల గొట్టం తన చేత్తోనే తిప్పుతూ, ఎవరొచ్చారో గొంతుని బట్టి పోల్చుకునేది. అందుకే, వాకిట్లో ఉన్నది ఇంట్లోకి రాకుండా చూసుకోవాలని గట్టిగా అనుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేశాను. మీరూ వేసుకోండి, కష్టమేం కాదు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం వేస్తే మా కొలతకి యాభై అరిసెలు వస్తాయి. బియ్యం కిలో 3,500 కేలరీలు, ముప్పావు కిలో బెల్లం 2,850, వేగేటప్పుడు పీల్చుకునే నూనె పావుకిలో అనుకుంటే 2,250. మొత్తం 8,600. యాభైతో భాగిస్తే అరిసెకి సుమారు 170. అంటే ఒక కప్పు అన్నం తిన్నట్టు. నాలాంటి బరువున్న మనిషి అది కరిగించుకోవాలంటే ముప్పావు గంట నడవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పండగ మూడు రోజులూ రోజుకి రెండు చొప్పున ఆరు అరిసెలు తిన్నామనుకోండి. మొత్తం వెయ్యి కేలరీల పైచిలుకు. నెలంతా మీద వేసుకుని చూస్తే పెద్ద లెక్కేం కాదు. కానీ భోగి నుంచి నెలరోజుల పాటు సాయంత్రం కాఫీతో డబ్బాలోంచి ఒక్కటంటే ఒక్కటి తింటే? ముప్పై అరిసెలు, 5,100 కేలరీలు. ఒంట్లో ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీల కింద లెక్క. అంటే అరకిలో పైన పెరిగినట్టే. మనల్ని దెబ్బతీసేది పండగ కాదు, పండగ వెళ్లాక అటక మీద కూర్చునే డబ్బా!

ఈ లెక్క పట్టుకుని అత్తగారి దగ్గరికి వెళ్లాను. "మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం అత్తయ్యా, ఒక్క అరిసెకి ఏమీ కాదు. కాబట్టి నేను ఒక్కటి తింటాను. మనం ఈసారి అరకిలో బియ్యమే పోద్దాం" అన్నాను. ఏటా రెండు కిలోలు పోసే ఇల్లు మాది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే అన్నారు: "మా రోజుల్లో కుంచం బియ్యం పోసేవాళ్లం, నిజమే. కానీ ఇంట్లో ఇరవై మందిమి. పాలేళ్లకి, చాకలికి, మంగలికి, ఆడపడుచుల ఇళ్లకి పంచేసరికి కనుమ నాటికి తట్ట ఖాళీ. రోట్లో దంచేదీ మేమే, పొలానికి పరిగెత్తేదీ మేమే. ఇప్పుడు నలుగురికి రెండు కిలోలు ఎక్కువే లే."

చూశారా! ఆచారం అరిసెలు వండమంది, దేవుడికి పెట్టమంది, నలుగురికీ పంచమంది. నెలరోజులు దాచుకుని తినమని ఎక్కడా అనలేదు. ఇల్లు చిన్నదైంది, పని తగ్గింది, మన కొలతలు మాత్రం పాతవే ఉండిపోయాయి. ఇక మేం పెట్టుకున్న నియమాలు ఇవీ.

మొదటిది కొలత. తగ్గించవలసింది తినేటప్పుడు కాదు, బియ్యం నానబోసేటప్పుడే. చేసిన వాటిని వద్దనుకోవడం మహా కష్టం. చెయ్యని వాటితో పేచీ లేదు. అరకిలోకి పాతిక అరిసెలు వచ్చాయి. వేయించగానే రెండు చెక్కల మధ్య పెట్టి నూనె బాగా నొక్కి తీశాం.

రెండోది పొయ్యి దగ్గర జాగ్రత్త. పాకం సరిపోయిందో లేదో ఒక ముక్క, విరిగిపోయిందని ఒకటి, మొదటి వాయి కదా అని ఒకటి... పండగ రాకముందే మూడు అరిసెలు మన కడుపులో ఉంటాయి. ఆకలి మీద పిండివంటలకి కూర్చోకండి. కడుపునిండా భోంచేసి మొదలుపెట్టండి. పాకం చూడ్డానికి పళ్లెంలో నీళ్లున్నాయి, ఉండ కడితే వేళ్లకే తెలిసిపోతుంది. విరిగినవన్నీ ఒక పళ్లెంలో వేసి సాయంత్రం ఇంటిల్లిపాదీ పంచుకోండి. విరిగిన ముక్కల్ని ఇల్లాలి వాటా కింద రాసిపెట్టలేదు ఎవరూ.

మూడోది కూర్చుని తినడం. పండగ భోజనంలో ముందు చిక్కుడుకాయ కూర, గుమ్మడికాయ పులుసు, పప్పు తినండి. సంక్రాంతికి ఇవన్నీ కొత్తగా, చవగ్గా వస్తాయి కూడా. కూర, పప్పు ముందు పడితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగరదు. అన్నం ఒక కప్పు తగ్గించి, ఆఖర్లో మంచి అరిసె ఒకటి, విరగనిది, పళ్లెంలో పెట్టుకుని నెమ్మదిగా తినండి. పొద్దున్నే ఉత్త కడుపున వద్దు, ప్రసాదం కాస్త చాలు.

నాలుగోది పంపకం. మిగిలింది కాదు, మొదటి రోజు చేసినవే పంచండి. పనమ్మాయికి, వాచ్‌మన్ ఇంటికి, పక్కింటివాళ్లకి భోగి నాడే వెళ్లిపోవాలి. ముక్కనుమ నాటికి మా డబ్బాలో నాలుగు మిగిలితే మా అబ్బాయి హాస్టలుకి పట్టుకెళ్లాడు. పక్కవాళ్ల నుంచి వచ్చే డబ్బాలూ ఉంటాయి కదా, వాటికీ ఇదే పద్ధతి. రుచి చూసి, మెచ్చుకుని, నలుగురిలో పెట్టెయ్యండి. గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదంటారు. జామపళ్లో, రేగుపళ్లో వేసి పంపొచ్చు.

ఐదోది, పండగ కోసమని ముందురోజు పస్తుండొద్దు. ఆకలి పెరిగి మర్నాడు రెండింతలు తింటాం. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి పస్తు ప్రమాదం కూడా, చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. అలాంటివాళ్లు పండగ ముందే డాక్టరుని అడిగి తెలుసుకోవాలి.

ఇంకో మూడు మాటలు చెప్పాలి. బెల్లం మంచిది కదా, ఎంతైనా తినొచ్చనుకుంటారు చాలామంది. బరువు విషయంలో బెల్లానికీ పంచదారకీ పెద్ద తేడా లేదు. విడిగా కలిపే తీపి రోజు మొత్తం తిండిలో పదో వంతుకి మించకూడదనీ, ఇరవయ్యో వంతుకి తగ్గిస్తే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి 50 గ్రాములు, తగ్గిస్తే 25 గ్రాములు. మన అరిసె ఒక్కదాన్లోనే 15 గ్రాముల బెల్లం ఉంది. కాబట్టి అరిసె తిన్న రోజు కాఫీలో పంచదార మానేస్తే లెక్క సరిపోతుంది.

బజార్లో అమ్మే 'షుగర్ ఫ్రీ' మిఠాయిల్లో పంచదార ఉండకపోవచ్చు గానీ నెయ్యి, కోవా, జీడిపప్పు ఉంటాయి. నెయ్యి గ్రాముకి 9 కేలరీలు, పంచదార 4. బరువు తగ్గడం కోసం చక్కెర బదులు వాడే కృత్రిమ తీపి పదార్థాల్ని నమ్ముకోవద్దని ఆ సంస్థే 2023లో సలహా ఇచ్చింది. ఆ సలహా అప్పటికే షుగరు ఉన్నవాళ్లకి వర్తించదు, వాళ్లు డాక్టరు చెప్పినట్టు చెయ్యాలి. జంతికలు, సకినాలు తీపి కాదు కదా అని గుప్పిళ్లకొద్దీ తినడం కూడా అంతే, నూనె లెక్క నూనెదే.

మన పండగల్లో నూనె అక్కర్లేని వంటలు బోలెడు ఉన్నాయి. వినాయకచవితి ఉండ్రాళ్లు, కుడుములు ఆవిరి మీద ఉడికేవే. శ్రీరామనవమికి వడపప్పు ఉండనే ఉంది. శ్రావణ శుక్రవారం బూరెల బదులు బొబ్బట్లు, తెలంగాణలో బక్షాలంటారు, అవి చేసుకుంటే పెనం మీద చెంచాడు నెయ్యితో అయిపోతాయి. పూర్ణంలో పప్పుకి సమానంగా కాకుండా ముప్పావు వంతు బెల్లం వేసి చూడండి, ఏలకుల పొడి కాస్త ఎక్కువ వేస్తే తేడా తెలియదు. సున్నుండలు నిమ్మకాయంత కాకుండా ఉసిరికాయంత చుట్టండి.

ఇంతకీ నా బరువు ఏమైందంటారా? భోగి నాటికి అరవై అయిదున్నర. పండగ వెళ్లాక 66. ఆ అరకిలో చూసి కంగారు పడలేదు, డబ్బా ఖాళీగా ఉంది కాబట్టి. మర్నాటి నుంచి మళ్లీ నడక. ఉగాదికి అరవై మూడున్నర, అనుకున్న ఐదు కిలోలకి అరకిలో తక్కువ. హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది. ఇంకా గీత దాటి కిందికి రాలేదు, కానీ వస్తున్న దారిలో ఉంది.

బరువు కంటే నాకు ఎక్కువ సంతోషం వేసింది వేరే. సంక్రాంతి నాడు అందరికీ వడ్డించాక వంటింట్లోకి వెళ్లబోతుంటే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపారు. తన పక్కన పీట వేయించి, నా పళ్లెంలో తన చేత్తో ఒక అరిసె పెట్టి, "ఒక్కటేగా, కూర్చుని తిను" అన్నారు. అంత రుచైన అరిసె ఈమధ్య కాలంలో తినలేదు.

ఈసారి బియ్యం నానబోసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, ఇంట్లో ఎంతమందిమి ఉన్నామో లెక్కపెట్టుకోండి. ఆ లెక్కలో మిమ్మల్ని కూడా వేసుకోండి, విరిగిన ముక్కలకి కాదు, ఒక నిండు అరిసెకి. అత్తగారినో, అమ్మనో ఒప్పించడానికి మీరు వేసే ఎత్తులేమిటో నాకూ రాయండి.