వీసా కోసం ఎదురుచూపు

మా వేంపల్లెలో కువైట్ వీసా కోసం కాచుకున్న ఆడవాళ్లను చూస్తే గుండె బరువెక్కుతుంది. ఇంటిపనికిచ్చేది ఇరవయ్యో నంబరు వీసా. జనం నోట ఖాదిం వీసా. అది వచ్చినా, పదో తరగతి పాసవ్వనివాళ్లకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద దేశం దాటే అనుమతి కావాలి. ఇంటిపనికి పోయే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలి. ఇవన్నీ వాళ్ల రక్షణకే.

విదేశాల్లో పని చూపే ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థ ఉన్నా, ఆ అనుమతులిచ్చే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు ఉన్నా, చదువు రాని తల్లికి ఏజెంటు మాటే దిక్కు. “రేపొస్తాది” అంటాడు. రేపు రాదు, వీసా కోసం చేసిన అప్పుకు వడ్డీ పెరుగుతుంది. పక్కింట్లో చదువుకున్న పిల్లలున్నారు కదా! ఆమె కాగితం ఎంతవరకు వచ్చిందో వాళ్లచేత ఫోన్లో చూసి చెప్పించండి. తెలుసుకోవడం ఆమె హక్కు, తెలియజెప్పడం మన బాధ్యత.